పిల్లి పిల్ల ఎక్కువగా తాగుతున్నదని నీళ్ల గిన్నె తీసేయకండి

గత వారం హనుమకొండలో మా వీధిలోని ఒక ఇంట్లో రెండు నెలల పిల్లి పిల్ల చనిపోయింది. అది అదే పనిగా నీళ్లు తాగుతున్నదని, అందుకే విరేచనాలు ఆగడం లేదని అనుకొని, ఇంటివారు రాత్రి నీళ్ల గిన్నె తీసేసి బర్రె పాలు పోశారు. లెక్క ఇక్కడే తలకిందులైంది. విరేచనాలతో ఒంట్లోని నీరు పోతున్నందువల్లనే పిల్ల గిన్నె దగ్గరికి వెళ్తుంది. ఆవు పాలైనా, బర్రె పాలైనా వాటిలోని లాక్టోజ్ అనే పాల చక్కెర చాలా పిల్లులకు అరగదు కనుక, పోయే నీరు ఇంకా పెరుగుతుంది.

ఎక్కువ తాగే ప్రతి పిల్లకూ జబ్బు ఉన్నట్టు కాదు. తల్లి పాలలో అందిన నీటిని, పాలు మానే 4 నుంచి 8 వారాల మధ్య పిల్ల గిన్నెలో వెతుక్కుంటుంది. ప్యాకెట్లలో వచ్చే పొడి క్యాట్ ఫుడ్‌లో నీరు సుమారు పదో వంతు మాత్రమే కాబట్టి, తడి ఆహారం నుంచి దానికి మారిస్తే దాహం పెరగడం సహజం. మే నెలలో వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, పిల్లి ఒళ్లు నాకి చల్లబరచుకుంటుంది; ఆ ఉమ్మి కూడా ఒంటి నీరే.

అనుమానముంటే కొలవండి. కొలిచి పోసిన నీళ్లలో ఒక రోజుకు ఎంత తగ్గిందో చూడండి. ఎండకు ఆవిరయ్యేది తెలియడానికి అంతే నీళ్లతో మరో గిన్నెను పిల్లకు అందనిచోట పెట్టండి. కిలో బరువుకు రోజుకు 50 మిల్లీలీటర్లు దాటితే పశువైద్యుడికి చూపించాలి. ఆలోగా గిన్నె తీయవద్దు.

గిన్నె ముందు తల వాల్చి కూర్చొని, తాగకుండా ఉండే పిల్లది ఇంకా పెద్ద ప్రమాదం. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బులో ఇలా కనిపిస్తుంది. తెల్లవారేదాకా ఆగకండి.

నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ చుక్క కూడా వేయకండి. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా పిల్లను వదలకండి, పాదాలు నాకుతుంది. కూలర్ తొట్టికి మూత పెట్టండి. నీళ్ల గిన్నె లోతు తక్కువగా ఉండాలి. రాత్రి పక్క తడుపుతున్నదని గిన్నె తీయకండి. వాంతులవుతున్నాయని తీయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎంత తాగింది, ఎన్నిసార్లు విరేచనమైంది రాసి తీసుకెళ్లండి.