మాటల మూలం వెతుకుదాం: నాలుగో పాఠం – ఒరగల్లు

పోయిన పాఠంలో జంటమాటలను రెండుగా విడదీయడం నేర్చుకున్నాం. ఇప్పుడొక చిక్కు ప్రశ్న. విడదీశాక ఒక ముక్కకు అర్థం తెలియకపోతే ఏం చేయాలి? చాలామంది వెంటనే నిఘంటువు తెరుస్తారు. నేను మాత్రం ముందు ఆ పని జరిగే చోటికి వెళ్లి చూడమంటాను. చేతులు ఏం చేస్తున్నాయో చూస్తే మాట సగం విడిపోతుంది. బంగారాన్ని పరీక్షించే రాయి దీనికి మంచి ఉదాహరణ.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఒక చిన్న కొట్టుకు అమ్మతో వెళ్లాను. పాత గాజులు మార్పించాలి. కొట్టాయన అరచేతిలో పట్టేంత నల్లరాయి తీసి, గాజు అంచును దాని మీద గట్టిగా రాశాడు. పసుప్పచ్చని గీత పడింది. దాని పక్కనే తన దగ్గరున్న కడ్డీతో ఇంకో గీత గీశాడు. రెండింటి మీదా యాసిడ్ చుక్క రాసి, వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"టచ్ కొంచెం తక్కువుందమ్మా" అన్నాడు. అంటే నగలో బంగారం పాలు తక్కువని.

"గీటురాయి మీద పెట్టారు కదా, ఎంతుందో సరిగ్గా చెప్పండి సేటూ" అంది అమ్మ.

ఈలోపు లోపలున్న పెద్దాయన "కసౌటీ ఇధర్ దేనా" అని చెయ్యి చాపాడు. అదే రాయి. రెండు నిమిషాల్లో మూడు మాటలు విన్నాను. పాత నిఘంటువుల్లో నాలుగోది కూడా ఉంది: ఒరగల్లు. హైదరాబాద్‌లో మాటల మూలాలు వెతికేవాళ్లకు ఇంతకన్నా అదృష్టం ఏం కావాలి!

ముందు పని అర్థం చేసుకుందాం. ఆ రాయి నల్లగా, నున్నగా, బంగారం కంటే గట్టిగా ఉండాలి. యాసిడ్‌కు లొంగకూడదు. నగను రాస్తే రాయి అరగదు, బంగారమే సన్నని పొరగా దానికి అంటుకుంటుంది. నల్లని నేల మీద రంగు తేడా స్పష్టంగా తెలుస్తుంది. రాగి ఎక్కువైతే గీత ఎర్రబారుతుంది, వెండి ఎక్కువైతే పాలిపోతుంది. ఇత్తడి గీత నైట్రిక్ యాసిడ్ తగలగానే మాయమవుతుంది. మేలిమి బంగారం గీత అలాగే నిలుస్తుంది. ఆ రెండో గీత ఎందుకంటే, కడ్డీలో బంగారం ఎంతో ముందే తెలుసు కాబట్టి దానితో పోల్చి చూడటానికి. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. అంటుకునేది పైపొరే కాబట్టి, మందంగా పూత పూసిన నగ రాయిని మోసం చేయగలదు.

ఇప్పుడు మాటలకు వద్దాం. గీటురాయి సులువు. గీటు అంటే గీత, గీటు పడే రాయి. పని చివర కంటికి కనిపించేదాన్ని బట్టి పెట్టిన పేరు.

ఒరగల్లు అంత తేలిగ్గా లొంగదు. ఒర + కల్లు. కల్లు అంటే ఇక్కడ రాయి. సమాసంలో 'క' మెత్తబడి 'గ' అయింది. ఈ రోజు ఎవరూ "కల్లు తీసి విసిరాడు" అనరు, రాయి అంటారు. కానీ పెళ్లిలో సన్నికల్లు తొక్కిస్తాం, ఉప్పుకల్లు అంటాం. వాడుకలోంచి జారిపోయిన మాట జంటమాటల్లో ఇలా దాక్కుని ఉంటుంది. అందుకే రాయితో కట్టిన గీటురాయి కంటే కల్లుతో కట్టిన ఒరగల్లు పాతదని నా అంచనా.

మరి 'ఒర'? నిఘంటువు తెరిచినవాడికి ముందు కత్తి ఒర కనబడుతుంది. కత్తికీ బంగారానికీ సంబంధం ఏమిటని ఊహలు అల్లడం మొదలవుతుంది. ఇక్కడే ఆగాలి. కొట్టులో చూసింది గుర్తు తెచ్చుకోండి: ఆయన రాశాడు, రుద్దాడు. తెలుగులో ఒరయు అంటే రుద్దడం, రాయడం. "గోడకు ఒరుసుకుంది" అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థం పలుకుతుంది. ఒరగల్లు అంటే రుద్దే రాయి.

ఇది సరైనదేనా అని తేల్చుకోవడానికి పక్కభాషలను అడగాలి. ఈ పాఠంలో ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఇదే. తమిళంలో ఈ రాయి ఉరైకల్, కన్నడంలో ఒరెగల్లు. రెండింటిలోనూ మామూలు రకారమే ఉంది, రెండింటిలోనూ అర్థం రుద్దడమే. కత్తి ఒర సంగతి వేరు. పాత తెలుగులో అది బండి ఱతో ఒఱ, తమిళంలో కూడా ఆ రెండో రకంతోనే ఉఱై. మనం ఇప్పుడు రెండు రలనూ ఒకేలా రాస్తున్నాం కాబట్టి రెండు వేరు మాటలు ఒకటే అనిపిస్తున్నాయి. బండి ఱను లిపిలోంచి తీసేయడం పిల్లలకు తేలికే అయినా, మాటల మూలం వెతికేవాళ్లకు పెద్ద ఆధారం పోయింది. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది. కాబట్టి మీ దగ్గర ఉండే నిఘంటువు ఱను విడిగా చూపించేదై ఉండాలి.

ఓరుగల్లుతో కూడా జాగ్రత్త. అది ఒరగల్లు నుంచి వచ్చిందని నాతో వాదించినవాళ్లున్నారు. ఆ ఊరికి సంస్కృతంలో ఏకశిలానగరం అని పేరు. అంటే ఒంటిరాయి. 'కల్లు' రెండింటిలోనూ ఒకటే, ముందు ముక్కలు వేరు.

కసౌటీ దారి వేరు, అర్థం మాత్రం అదే. సంస్కృతంలో కష్ అనే ధాతువుకు రుద్దడమని అర్థం. కషపట్టిక రుద్దే పలక. ప్రాకృతంలో అది కసవట్ట అయి, హిందీ ఉర్దూల్లో కసౌటీగా స్థిరపడింది. మన కావ్యాల్లో కనిపించే నికషం కూడా ఆ ధాతువు బిడ్డే. రెండు వేరు భాషాకుటుంబాలు ఒకే చేతికదలికను చూసి ఒకేలా పేరు పెట్టాయి.

అర్థశాస్త్రంలో ఈ రాయి గురించి ఉన్నది చదివితే తెలుగువాళ్లకు ముచ్చటేస్తుంది. కళింగం నుంచి వచ్చినదో, తాపీనది రాయో, పెసర రంగులో ఉన్నది మేలైన నికషమట. గీటు మీద గోటితో జాజుపొడి చల్లి రంగు పెంచే మోసం కూడా అక్కడ రాసి ఉంది. బంగారానికి పదహారు వర్ణకాలు చెప్పింది, పసుపుకొమ్ము రంగులో ఉండే శుద్ధమైనదాని నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా రాగి కలుపుతూ పోయే మెట్లుగా. సంస్కృత వర్ణమే ప్రాకృతంలో వణ్ణ అయి, మన దగ్గర వన్నె అయింది. పదారువన్నె బంగారం అంటే ఎందుకంత గొప్పో ఇప్పుడు తెలుస్తుంది. వన్నె అక్కడ అందం కాదు, గీటు మీద కొలిచిన రంగు.

ఇంగ్లిషు వైపు క్లుప్తంగా చూద్దాం. టచ్ అంటే తాకించడం, రాయికి తాకించి చూడటం. హాల్‌మార్క్ సెంటర్ల బోర్డుల మీద ఉండే అస్సేయింగ్, అంటే నగలో బంగారం ఎంతో తేల్చే పరీక్ష, మాత్రం రాయిని వదిలేసి తక్కెడను పట్టుకుంది. అస్సే పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలం తూచడం అనే అర్థమున్న లాటిన్ ఎగ్జాజియం. వ్యాసం అనే అర్థంలో వాడే ఎస్సే కూడా దీని తోబుట్టువే. బంగారం పరీక్షకు ఆ పేరు బాగా కుదిరింది. నగ ముక్కను తూచి, సీసంతో కలిపి కరిగించి, మిగతా లోహాలను తొలగించి, చివరికి మిగిలిన బంగారాన్ని మళ్లీ తూచి లెక్క కడతారు. 22 క్యారెట్లను 24తో భాగిస్తే వచ్చే 0.916 ఆ లెక్కే. నగ మీద కనిపించే 916 అదే.

ఈ వారం సాధన. కొట్టుకు వెళ్లినప్పుడు మూడు మాటలు రాసుకురండి: తరుగు, మజూరీ, క్యారెట్. వాటిని వాడేటప్పుడు కొట్టాయన ఏం చేస్తున్నాడో పక్కనే రాయండి. నాలుగోది టంకశాల. 1903లో సైఫాబాద్‌లో నడవడం మొదలుపెట్టి, 1997లో చర్లపల్లికి మారిన మన టంకశాల పేరును రెండుగా విడదీసి, మొదటి ముక్కను పక్కభాషల్లో వెతకండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.