రిటైరైన పైలట్ కన్నుమూస్తే: మొదటి కబురు నుంచి సంస్మరణ సభ దాకా

విమానాలు నడిపి రిటైరైన పెద్దాయన పోయారని వాట్సాప్‌లో వచ్చే మొదటి మెసేజ్‌లో తరచుగా మూడు తప్పులు దొర్లుతాయి: కంపెనీ పేరు, నడిపిన విమానం, ఎగిరిన గంటలు. పెద్దకర్మ రోజు మైకు పట్టుకున్నవాళ్లు అవే చదువుతారు. సంవత్సరీకానికి పేపర్లో వేయించే ప్రకటనలోనూ అవే అచ్చవుతాయి. అప్పటికి దిద్దేవాళ్లు మిగలరు, ఆయన పక్కసీట్లో కూర్చున్నవాళ్ల వయసూ ఎనభై దాటి ఉంటుంది కదా. అందుకే పనిని రెండుగా విడదీయండి. ఈరోజు పంపాల్సింది కబురు. పది పదిహేను రోజుల్లో రాయాల్సింది నివాళి. కబురులో నివాళి కలిపితే రెండూ చెడతాయి.

మొదటి కబురు

నాలుగు వాక్యాలు మించకూడదు. ఇలా ఉంటే చాలు:

"కెప్టెన్ ఫలానా గారు (83) ఈ తెల్లవారుజామున మారేడ్‌పల్లిలో కన్నుమూశారు. 1966లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, 2000లో ఎయిర్‌బస్ ఏ300 కమాండర్‌గా రిటైరయ్యారు. అమ్మాయి డల్లాస్ నుంచి బయల్దేరింది. అంత్యక్రియల సమయం ఆమె వచ్చాక తెలియజేస్తాం."

పిల్లలు అమెరికా నుంచి రావాల్సి ఉంటే వాళ్లు విమానం ఎక్కేదాకా టైం వేయకండి. ఫ్రీజర్ బాక్స్ తెప్పించిన ఇంట్లో ముహూర్తం రెండుసార్లయినా మారుతుంది. ఒకసారి వెళ్లిన పాత టైం మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది, పాపం ఏ ముసలాయనో ఆటో కట్టించుకుని శ్మశానానికి వెళ్లి ఎవరూ లేక తిరిగొస్తాడు. కొత్త టైం పంపేటప్పుడు "పాత మెసేజ్ రద్దు" అని మొదటి ముక్కే రాయండి. ఇంటి నంబరు, అందరూ శ్మశానంలో ఉండే సమయం ఒకే మెసేజ్‌లో పెట్టకండి. తాళం వేసిన ఇంటి కోసం పేపర్లో మరణవార్తలు చదివే దొంగలూ ఉంటారు.

వయసు విషయంలో ఒక చిక్కుంది. ఆ తరంలో చాలామందికి బడి సర్టిఫికెట్ పుట్టినరోజు ఒకటి, అసలుది ఇంకొకటి. లైసెన్సులో సర్టిఫికెట్‌దే ఉంటుంది. ఇంట్లోవాళ్లు చెప్పిందే వేయండి. నివాళిలో రిటైరైన ఏడాదితో లెక్క కుదరకపోతే మాత్రం కారణం ఇదేనని గుర్తుపెట్టుకోండి.

మాటల విషయానికొస్తే, "కీర్తిశేషులు", "స్వర్గీయ" అందరికీ నప్పవు. బేగంపేట నుంచి ఎగిరినవాళ్లలో ముస్లింలు, ఆంగ్లో ఇండియన్లు, పార్సీలు కూడా ఉన్నారు. ముస్లిం కుటుంబమైతే "మర్హూం" అంటారు, సభ నలభయ్యో రోజు చెహ్లుం దగ్గర పెట్టుకోవచ్చు. క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడిక. ఏమీ తోచకపోతే "కన్నుమూశారు" ఎవరికైనా సరిపోతుంది. "ఎక్స్‌పైర్ అయ్యారు" అనడం హైదరాబాద్‌లో అలవాటైపోయింది గానీ అది మందుల పట్టీ మీద ఉండాల్సిన మాట. పైలట్లు ఇంగ్లిష్‌లో చెప్పుకునే "గాన్ వెస్ట్"ను తెలుగు చేసి "పడమటికి వెళ్లారు" అని రాయకండి. మనకు యముడి దిక్కు దక్షిణం, చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

ఏ కంపెనీ?

ఎక్కువమంది మనసు కష్టపెట్టుకునేది ఇక్కడే. నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి 1953 ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పరిచారు. ప్రధానంగా దేశం లోపలి ప్రయాణాలు, పొరుగు దేశాలవి కొన్ని దానివి, దూర విదేశాలవి ఎయిర్ ఇండియావి. సీనియారిటీ జాబితాలు వేరు, పైలట్ల సంఘాలూ వేరు. రెండూ కలిసింది 2007లో. కాబట్టి 2000లో రిటైరైన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్‌ను "ఎయిర్ ఇండియా పైలట్" అనడం తప్పు. ఆయన బతికుంటే మొదట దిద్దేది ఆ మాటనే. రిటైరయ్యాక ప్రైవేటు కంపెనీల్లోనో గల్ఫ్‌లోనో ఎగిరి ఉంటే అది వేరే వాక్యంలో, ఏళ్లతో సహా రాయండి.

లాగ్‌బుక్ తెరవడం

నివాళికి ఆధారం లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతి ఫ్లైట్ వివరాన్నీ పైలట్ రాసుకునే పుస్తకం. బీరువాలోనో అటక మీద సూట్‌కేసులోనో ఉంటుంది. ఒకటి కాదు, నాలుగైదు ఉండొచ్చు. ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఒక పుస్తకం ఆఖరి పేజీలోని మొత్తమే తర్వాతి పుస్తకం మొదటి పేజీలో "బ్రాట్ ఫార్వర్డ్" దగ్గర కనబడాలి. అలా కనబడకపోతే మధ్యలో ఒక పుస్తకం లేదని అర్థం.

గంటల మొత్తం చివరి పేజీలో ఉంటుంది. దాన్ని అలాగే దించేయకుండా విడగొట్టి చూడండి. పీ1 అంటే కమాండర్‌గా ఎగిరినవి, పీ2 అంటే కో-పైలట్‌గా, డ్యుయల్ అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో నేర్చుకున్నవి. పీ1 పక్కన యూ/ఎస్ అని ఉంటే సీనియర్ కెప్టెన్ పర్యవేక్షణలో కమాండర్ పని చేశారని. సిమ్యులేటర్ (నేల మీదే ఉండే శిక్షణ కాక్‌పిట్) గంటలు వేరే గడిలో ఉంటాయి, వాటిని ఎగిరిన గంటల్లో కలపకూడదు. ఫిరోజ్‌గూడలోని ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రం సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లకు ఆ గడి బాగా పెద్దదిగా ఉంటుంది. వాళ్ల గురించి రాసేటప్పుడు దాన్ని విడిగా చెప్పడమే మర్యాద.

మొత్తాన్ని మళ్లీ కూడి చూడాలనుకుంటే నిమిషాల దగ్గర జాగ్రత్త. 1:40, 2:35, 0:50 కలిపితే 5:05. మామూలు కాలిక్యులేటర్‌లో 1.40, 2.35, 0.50 అని కొడితే 4.25 వస్తుంది. ఒక్క కూడికలోనే నలభై నిమిషాలు ఎగిరిపోయాయి. ఎక్సెల్‌లో వేస్తే గడిని గంటల ఫార్మాట్‌లో పెట్టండి. 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపించకుండా గంటల గుర్తు చుట్టూ స్క్వేర్ బ్రాకెట్ ఉండాలి, [h]:mm అని.

ఇంట్లోవాళ్లు చెప్పే అంకెకూ ఒక పరీక్ష ఉంది. మన దేశపు నిబంధనల్లో పైలట్ ఏడాదికి ఎగరగల గరిష్ఠం 1,000 గంటలు. అందరూ అంత ఎగరరు, ఆఫీసు బాధ్యతలున్నవాళ్లు ఇంకా తక్కువ. ముప్పై నాలుగేళ్ల సర్వీసుకు "నలభై వేల గంటలు" అంటే కుదరదు. ఎదురు వాదించకండి, పేజీ తెరిచి చూపించండి. పుస్తకం దొరకకపోతే అంకె వేయకుండా "ముప్పై నాలుగేళ్లు ఎగిరారు" అనండి.

తేదీలు, టైములు చాలావరకు జీఎంటీలో (గ్రీనిచ్ కాలమానంలో) రాసి ఉంటాయి. ఐదున్నర గంటలు కలపాలి. పుస్తకంలో 14వ తేదీ 20:10 అని ఉంటే హైదరాబాద్‌లో అప్పటికి 15వ తేదీ తెల్లవారుజామున 1:40. పెళ్లిరోజు నాడు ఎగిరారా, కొడుకు పుట్టిన రాత్రి ఎక్కడున్నారు లాంటి కథలు ఇక్కడే తేడా కొడతాయి.

ఊళ్లు మూడక్షరాల కోడ్‌లలో ఉంటాయి. వీజీఏ విజయవాడ, వీటీజెడ్ విశాఖపట్నం, టీఐఆర్ తిరుపతి, ఆర్‌జేఏ రాజమండ్రి. హెచ్‌వైడీ (హైదరాబాద్) దగ్గర ఆగి తేదీ చూడండి. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట వదిలి శంషాబాద్ చేరాయి, కోడ్ మాత్రం అదే. 1998లో రిటైరైనాయన "శంషాబాద్‌లో ఆఖరిసారి దిగారు" అని రాస్తే అక్కడ అప్పటికి విమానాశ్రయమే లేదు.

విమానాల వరుసతో కూడా సరిచూసుకోవచ్చు. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు మొదట్నుంచీ డకోటాలున్నాయి. 1957లో వైకౌంట్, 1961లో ఫోకర్ ఫ్రెండ్‌షిప్, 1964లో కారవెల్, ఆ దశాబ్దం చివర్లో ఆవ్రో, 1970 చివర్లో బోయింగ్ 737, 1976లో ఎయిర్‌బస్ ఏ300, 1989లో ఏ320 వచ్చాయి. 1962 నాటి ఫోటో చూపించి "నాన్న కారవెల్‌లో" అంటే ఫోటో తేదీ అయినా తప్పు, విమానం అయినా తప్పు.

పేజీలన్నీ ఫోన్‌తో తీసుకోండి. కిటికీ పక్కన, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. స్కానర్ మీద బోర్లించి నొక్కితే ముప్పై నలభై ఏళ్ల కుట్టు విడిపోతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేప్ అంటించకండి, కొన్నేళ్లలో పసుపు జిగురైపోయి అక్షరాల్ని మింగేస్తుంది. ముందు తీయాల్సినవి నాలుగు: మొదటి సోలో (ఒంటరిగా ఎగిరిన రోజు), కమాండ్ వచ్చిన (కెప్టెన్ అయిన) రోజు, ప్రతి కొత్త విమానానికి ఎండార్స్‌మెంట్ (దాన్ని నడిపే అనుమతి), ఆఖరి ఫ్లైట్.

తోటివాళ్లను అడగడం

లాగ్‌బుక్ మనిషిని చెప్పదు. "రిమార్క్స్" గడిలో ఎవరూ కథలు రాసుకోరు. అందుకే కో-పైలట్‌గా ఎగిరినవాళ్లను, క్యాబిన్ క్రూను, హ్యాంగర్లో పనిచేసిన ఇంజినీర్లను కలవండి. ఇంజినీర్లను చాలామంది మర్చిపోతారు. విమానంలోని లోపాన్ని, అంటే స్నాగ్‌ను, కెప్టెన్ ఎలా రాసేవారో, అర్ధరాత్రి దిగాక టీ ఎవరికి పోసేవారో వాళ్లకే తెలుసు.

ఉదయం పదికీ పన్నెండుకీ మధ్య ఫోన్ చేయండి. టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) విమానాల హోరులో ఏళ్లు గడిపిన చెవులు, వినికిడి తగ్గి ఉంటుంది, కాబట్టి ఇంటికి వెళ్తే ఇంకా మంచిది. "ఆయన గురించి చెప్పండి సార్" అంటే "చాలా మంచి మనిషి" అన్న మాటే వస్తుంది. చిన్న ప్రశ్నలు వేయండి: వాతావరణం బాగోలేకపోతే ఎంతసేపు ఆగేవారు? ల్యాండింగ్ కో-పైలట్‌కు ఇచ్చేవారా? తప్పు చేస్తే అక్కడే అరిచేవారా, దిగాక చెప్పేవారా? ఫ్లైట్ బ్యాగ్‌లో ఏముండేది? లాగ్‌బుక్ ఫోటో ఒకటి చేతికివ్వండి, వాళ్ల పేరు కనబడిన గీత దగ్గర మాట దానంతటదే వస్తుంది.

ప్రమాదం, హైజాక్, రన్‌వే దాటిపోవడం లాంటివి విన్నమాట మీద రాయవద్దు. విచారణ నివేదికలో ఉంటే ఉన్నంతే. లేకపోతే వదిలేయండి. తప్పెవరిదో తేల్చే చోటు నివాళి కాదు.

రాయడం

ఐదారు వందల మాటలు చాలు. "గగనవీధుల్లో విహరించిన ధీరుడు" అని మొదలైతే రెండో వాక్యం ఎవరూ చదవరు. పైగా "దివికేగారు" అన్న మాట తెలుగులో అందరికీ ఉన్నదే, పైలట్‌కు వాడితే శ్లేష వచ్చి కూర్చుంటుంది. చావు దగ్గర శ్లేషకు చోటు లేదు.

ఒక్క దృశ్యాన్ని దగ్గరగా చూపించండి. "చాలా నేర్పరి" అనే బదులు ఇలా ఉండొచ్చు: "బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. మార్చి సాయంత్రాల్లో రన్‌వే 27 మీద, అంటే పడమటి ముఖంగా, దిగేవాళ్లకు సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు. ఆయన ఐదు మైళ్ల ముందే గాగుల్స్ తీసి పక్కన పెట్టేవారు. అద్దం మీద దుమ్మంతా ఎండకు మెరుస్తుంది, గాగుల్స్ పెట్టుకుంటే రన్‌వే లైట్లు కూడా పోతాయి అని కో-పైలట్లకు చెప్పేవారు." మీకు చెప్పిన మనిషి ఇలా చెప్పి ఉంటేనే రాయాలి సుమా, బాగుందని కల్పించకండి.

కమాండ్, రూట్ చెక్, గో-అరౌండ్ లాంటి మాటల్ని వదిలేయక్కర్లేదు. మొదటిసారి వచ్చినచోట అరవాక్యం వివరణ ఇవ్వండి. గో-అరౌండ్ అంటే దిగబోయి, కుదరదనిపించి మళ్లీ పైకి లేవడం. మనవళ్లు చదివేది కూడా ఇదే కాగితం. పంపేముందు భార్యకో పిల్లలకో చదివి వినిపించండి. లైసెన్సు నంబరు, పాత గుర్తింపు కార్డుల ఫోటోలు బయట పెట్టకండి.

సభ, బల్ల మీద సామాను

ఫోటోకు యూనిఫాంలో ఉన్నదే బాగుంటుంది. భుజం మీద నాలుగు గీతలుంటే కెప్టెన్, మూడుంటే ఫస్ట్ ఆఫీసర్. ఇప్పుడు స్టూడియోలు పాత ఫోటోను ఏఐతో మెరుగుచేసి ఇస్తున్నాయి, అందులో గీతలు మూడున్నరో ఐదో అవుతాయి, ఛాతీ మీది రెక్కల బ్యాడ్జి పిచ్చుకలా మారుతుంది. ప్రింటుకు వెళ్లే ముందు గీతలు లెక్కపెట్టండి. 12×18 అంగుళాల ప్రింటుకు 3,600×5,400 పిక్సెళ్లుంటే స్పష్టంగా వస్తుంది. వాట్సాప్‌లో పంపించుకున్న కాపీ పనికిరాదు, డాక్యుమెంట్‌గా పంపమనండి.

లోహపు రెక్కల బ్యాడ్జిని చింతపండుతోనో పీతాంబరితోనో తోమకండి. ఇత్తడి చెంబు కాదది, పైనున్న బంగారు పూత లేచిపోతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. జరీతో కుట్టిన బ్యాడ్జి నల్లబడి ఉంటే అలాగే ఉండనివ్వండి.

హాలుకు లిఫ్టు ఉందో లేదో చూసుకోండి. ఐదుగురు వక్తలు, మనిషికి ఐదు నిమిషాలు. వయసులో పెద్దవాళ్లు ముందు, వాళ్లు త్వరగా ఇంటికి వెళ్లాలి. కాక్‌పిట్ అనౌన్స్‌మెంట్‌లా అనుకరించి మాట్లాడాలని ఎవరైనా ఉత్సాహపడితే ముందు ఇంట్లోవాళ్లను అడగమనండి. వాటర్ కెనన్ సెల్యూట్ (ఫైరింజన్లు నీళ్లు చిమ్మి చేసే వందనం) ఆఖరి ఫ్లైట్ రోజు విమానానికి చేసేది, ఫ్లెక్సీ మీద ఆ బొమ్మ వేస్తే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.

సభ అయ్యాక లాగ్‌బుక్‌లు ఎవరి దగ్గరుంటాయో ఆరోజే తేల్చండి. నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, అటక మీద కాకుండా బీరువా మధ్య అరలో పెట్టమనండి. వానాకాలం ముందు పొట్లం మార్చాలి. ఫోటోల కాపీలు ఇద్దరు పిల్లల దగ్గరా ఉంచండి. సంవత్సరీకానికి ప్రకటన రాసేవాళ్లు ఫోన్ చేసినప్పుడు పంపాల్సింది మొదటి రోజు మెసేజ్ కాదు, దిద్దిన ఈ నివాళి.