చేర్యాల పటం పెచ్చులు లేస్తోందా? రంగు కంటే ముందు కింది పూతను చూడండి

తెలంగాణలోని చేర్యాలలో నకాశీ కళాకారులు గుడ్డ మీద వేసే బొమ్మల చుట్టే చేర్యాల నకాశీ పటం. ఇందులో చిక్కంతా రంగు కింద ఉన్న పూతలోనే ఉంటుంది. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లసుద్ద, ఉడికించిన చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పట్టిస్తారు. దాని మీద బంకనీళ్లలో కలిపిన రంగులు వేస్తారు. ఈ పూత తడికి కరుగుతుంది, ఆరిపోతే పెళుసెక్కుతుంది, పురుగుకు తిండి అవుతుంది.

అడ్డంగా పగుళ్లు, లేచిన పెచ్చులు

బొమ్మ లోపలికి వచ్చేలా బిగించి చుట్టడమే ప్రధాన కారణం. చుట్ట వంపులో పూత నలిగి గుడ్డను వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో విప్పితే నష్టం ఇంకా ఎక్కువ. గదిలో తేమ 50–60 శాతం ఉండేలా చూసి, చుట్టను రెండు మూడు రోజులు అక్కడే ఉంచి, ఆ తర్వాత జానెడు జానెడు విప్పండి. చిటపట శబ్దం వచ్చిందా, ఆగిపోండి.

మళ్లీ చుట్టాల్సి వస్తే కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం తీసుకోండి. ఆమ్లం లేని కాగితం గానీ, గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలుగుడ్డ గానీ దానికి చుట్టి, బొమ్మ బయటికి ఉండేలా వదులుగా చుట్టండి. పెచ్చులు ఇప్పటికే లేచి ఉంటే మాత్రం చుట్టవద్దు, పరిచే ఉంచండి. రాలిన ముక్కను కాగితపు పొట్లంలో వేసి, ఎక్కడిదో పైన రాసి దాచండి. ఫెవికాల్‌తో అతికించకండి. అది గట్టిపడ్డాక తీయలేం, దాని అంచు వెంటే కొత్త పగులు వస్తుంది. అతికించే పని కన్జర్వేటర్‌కే (పాత కళాఖండాలను బాగుచేసే నిపుణుడికే) వదిలేయాలి.

వేలికి రంగు పొడిలా అంటుతోంది

బంక తక్కువైంది, లేదా తేమకు సత్తువ పోయింది. తడిగుడ్డతో తుడిస్తే బొమ్మే చెరిగిపోతుంది. వార్నిష్ కొడితే రంగు నల్లబడుతుంది. ఎర్ర రంగు ఇంగిలీకంతో వేసినదైతే అందులో పాదరసం ఉంటుంది. గీకవద్దు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

బూజు మచ్చలు

వానాకాలంలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే గంజి మీద బూజు లేస్తుంది. పటాన్ని విడిగా, నీడలో, గాలి ఆడే చోట పరచండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. పూర్తిగా ఆరాక, ఎన్95 మాస్కు పెట్టుకుని, గట్టిగా ఉన్న చోట్ల మాత్రమే మెత్తటి కుంచెతో ఆరుబయట దులపండి. తడిగా ఉండగా కదిపితే మచ్చ లోపలికి ఇంకుతుంది. ఎండలో పెట్టడం, డెటాల్ చల్లడం రెండూ చేటే.

అంచులు కొరికినట్లు, పైపొర గీకినట్లు ఉంటే

వెండిపురుగు, బొద్దింక పనే. వేపాకు మడతల్లో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటే గానీ, ఆకులోని తేమ, పసరు పటానికి అంటుతాయి. నెలకోసారి పెట్టె తెరిచి చూడటం, గోడకు ఆనించకపోవడం అంతకంటే నయం.

నీలం వెలిసిపోతే

నీలిమందు రంగు వెలుతురుకు తగ్గిపోతుంది, పోయింది తిరిగి రాదు. దీపపు మసి నలుపు నిలుస్తుంది. పటం కిటికీ ఎదురు గోడ మీద ఉంటే అక్కడి నుంచి మార్చండి, వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. లామినేషన్ అసలొద్దు: ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను తీస్తే పూత కూడా దాంతోపాటే ఊడి వస్తుంది.