లైనక్స్ డెస్క్‌టాప్ ఖాళీగా వదిలేస్తే ఫ్రీజ్ అవుతోందా? కారణం ఎలా పట్టుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క రూమ్‌లో కడప తమ్ముడు ఒకడు ఉంటాడు, ఎస్పీ రోడ్‌లో పార్ట్స్ కొని పీసీ అసెంబుల్ చేయించుకుని ఉబుంటు వేసుకున్నాడు. పని చేస్తున్నంతసేపు దానికి ఏ రోగమూ లేదు, గంటలు గంటలు వీడియో రెండర్ పెట్టినా ఆగేది కాదు, కానీ టీ తాగడానికి కిందకెళ్లి అరగంట కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి మౌస్ కదలదు, పైన బార్‌లో గడియారం 7:42 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. "అన్నా, మళ్లీ స్టక్ అయింది" అంటూ పవర్ బటన్ నొక్కిపట్టేవాడు. దయచేసి అలా చేయకండి. రీస్టార్ట్ కొట్టారంటే చాలా ఆధారం పోతుంది.

స్టెప్ 1: పోయింది స్క్రీనా, మొత్తం సిస్టమా?

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడిగితే సిస్టమ్ బతికే ఉంది, డెస్క్‌టాప్ గానీ గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ పడిపోయింది అన్నమాట. చాలామంది క్యాప్స్ లాక్ లైట్ వెలగట్లేదు కాబట్టి కెర్నల్ (సిస్టమ్‌ని నడిపే అసలు గుండెకాయ) పోయిందని అనుకుంటారు, స్క్రీన్ మీద బొమ్మ చూపించే వేలాండ్‌లో ఆ లైట్‌ని చూసుకునేది డెస్క్‌టాపే, అందుకే అది నమ్మదగ్గ గుర్తు కాదు.

తర్వాత ఫోన్ నుంచి పింగ్ కొట్టి, అంటే నెట్‌వర్క్‌లో పీసీ జవాబిస్తుందో లేదో చూడండి. పీజీల్లో వైఫై చాలాచోట్ల ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనపడకుండా సెట్ చేసి ఉంటుంది, అలా ఉంటే పీసీని ముందే ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి ఉంచి అదే ఫోన్లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో టెర్మినల్ యాప్) నుంచి ట్రై చేయండి. ఫోన్ నుంచి పీసీలోకి లాగిన్ అవ్వడానికి పీసీలో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ముందే ఇన్‌స్టాల్ చేసి, ఐపీ అడ్రస్ రాసి పెట్టుకోవాలి, ఫ్రీజ్ అయ్యాక ఏమీ చేయలేం.

ఇక రీస్టార్ట్ తప్పదు అనుకుంటే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని, రెండు మూడు సెకన్ల గ్యాప్‌తో ఎస్, యు, బి నొక్కండి. డేటా డిస్క్‌కి రాసి, డిస్క్‌ని రీడ్ ఓన్లీ చేసి, రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మూడూ మామూలుగానే ఆన్‌లో ఉంటాయి, పనిచేశాయంటే కెర్నల్ ఇంకా బతికే ఉందని కూడా తెలిసినట్టే.

స్టెప్ 2: పాత లాగ్ చూడండి

మళ్లీ ఆన్ అయ్యాక టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి హైఫన్ బి, స్పేస్ హైఫన్ 1, స్పేస్ హైఫన్ ఇ. కిందటి బూట్‌లో చివరి లైన్లు వస్తాయి, ఆగిపోయిన గడియారం టైమ్‌తో పోల్చుకోండి. చివర్లో సస్పెండ్ ఎంట్రీ అని ఉంటే నిద్రపోయి లేవలేదు, అప్పుడు సెట్టింగ్స్‌లో పవర్‌కి వెళ్లి ఆటోమేటిక్ సస్పెండ్ ఆఫ్ చేసి చూడండి. ఎన్‌విడియా కార్డులో ఎక్స్ఐడీ అనో, ఏఎండీ కార్డులో రింగ్ టైమౌట్ అనో ఉంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి, డ్రైవర్ మార్చి, లేదా వేరే కెర్నల్‌తో బూట్ చేసి చూడండి.

లాగ్‌లో ఏమీ లేకపోతేనే అసలు పని మొదలవుతుంది. తమ్ముడి పీసీలో సస్పెండ్ ఎప్పుడో ఆఫ్ చేశాం, స్క్రీన్ కూడా ఆరిపోకుండా పెట్టాం, లాగ్ చూస్తే 7:41కి మామూలు లైన్ ఒకటి ఉంది, ఆ తర్వాత ఖాళీ. కానీ పింగ్‌కి జవాబు వస్తోంది, ఎస్ఎస్‌హెచ్‌లో మాత్రం పాస్‌వర్డ్ కొట్టాక కదలట్లేదు. కెర్నల్ మాట్లాడుతోంది, డిస్క్ నుంచి చదవాల్సిన పని వచ్చేసరికి ఆగిపోతోంది. డిస్కే పడిపోతే లాగ్ ఎక్కడ రాస్తుంది పాపం!

స్టెప్ 3: ఫోన్‌లో కాపలా పెట్టండి

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. సిస్టమ్ బాగున్నప్పుడే ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయ్యి, సుడో డీమెసేజ్ స్పేస్ హైఫన్ డబ్ల్యూ రన్ చేసి (డీమెసేజ్ స్పెల్లింగ్ డి, ఎమ్, ఇ, ఎస్, జి), ఫోన్ చార్జింగ్‌లో పెట్టి, స్క్రీన్ ఆరిపోకుండా చూసి, పీసీని ముట్టుకోకుండా వదిలేయండి. కెర్నల్ మెసేజ్‌లు డిస్క్‌తో సంబంధం లేకుండా నేరుగా ఫోన్‌కి వస్తాయి. మేం అలా పెట్టి భోంచేసి వచ్చేసరికి ఫోన్‌లో ఎన్‌విఎంఈ టైమౌట్ అని వరసగా లైన్లు, వాటి కింద కంట్రోలర్ ఈజ్ డౌన్ అని ఉంది. ఎన్‌విఎంఈ అంటే పీసీలో ఉన్న ఎస్ఎస్‌డీ డిస్కే, అది పవర్ సేవింగ్‌లో లోతుగా నిద్రపోయి మళ్లీ లేవట్లేదు. పని ఉన్నంతసేపు దానికి నిద్రపోయే ఛాన్సే రాదు కాబట్టి అప్పుడు బాగుండేది.

స్టెప్ 4: ఒక్క బూట్‌కి మాత్రం మార్చి చూడండి

బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ బూట్ చేయాలో ఎంచుకునే మెనూ) వస్తుంది. అందులో ఇ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర స్పేస్ ఇచ్చి, ఎస్ఎస్‌డీని లోతుగా నిద్రపోనివ్వని ఈ సెట్టింగ్ చేర్చండి, అంతా ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో స్పేస్ లేకుండా: ఎన్‌విఎంఈ అండర్‌స్కోర్ కోర్ డాట్ డిఫాల్ట్ అండర్‌స్కోర్ పిఎస్ అండర్‌స్కోర్ మ్యాక్స్ అండర్‌స్కోర్ లేటెన్సీ అండర్‌స్కోర్ యుఎస్ ఈక్వల్ టు 0. తర్వాత ఎఫ్10. రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి భయం లేదు. ఫ్రీజ్ ఆగిందని నమ్మకం కుదిరాక, ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ లోపల ఉన్న గ్రబ్ ఫైల్‌లో క్వైట్ స్ప్లాష్ పక్కన, కోట్స్ లోపలే అదే మాట రాసి, సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్ కొట్టండి.

ఫోన్‌కి కూడా ఏమీ రాకుండా, పింగ్ కూడా ఆగిపోతే ప్రాసెసర్ నిద్ర మీద అనుమానం పెట్టుకోండి. 2017లో వచ్చిన ఏఎండీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లలో ఇది బాగా తెలిసిన సమస్య, బయోస్‌లో (పీసీ ఆన్ చేయగానే తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటే దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చాలి. దానికీ లొంగకపోతే రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి ర్యామ్ చూడండి, ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్‌లు ఒక్కొక్కటిగా తీసి మళ్లీ టెస్ట్ చేయాలి.

ఏ మార్పు అయినా ఒక్కసారికి ఒక్కటే చేయండి, కనీసం రెండు రాత్రులు వదిలేయండి. తమ్ముడి పీసీని శుక్రవారం సాయంత్రం అలాగే ఆన్‌లో పెట్టి ఇద్దరం ఊరెళ్లాం. సోమవారం పొద్దున బస్ దిగి తాళం తీసి చూస్తే గడియారం సరిగ్గా 6:20 చూపిస్తోంది.