కోనసీమలో బడి కట్టాలంటే

ప్లాను గీసేముందు ఊళ్లో ఓ పెద్దాయన్ని పట్టుకుని, "1986 వరదకి నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అని అడగండి. మాకు ఒకాయన గుడి మూడో మెట్టు చూపించారు. బేస్‌మెంట్ దానికంటే రెండడుగులు ఎత్తు లేపాం.

నల్లరేగడి వేసవిలో బీటలు తీస్తుంది, వానకి ఉబ్బుతుంది. మామూలు పునాది దాంతోపాటే కదులుతుంది. అందుకే అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) కనీసం 3.5 మీటర్ల లోతుకి దింపించండి. నా మొదటి పనిలో ఖర్చు చూసుకుని మానేశా. రెండో వేసవికి గోడలో వేలు దూరేంత పగులు!

పడమటివైపు వెడల్పాటి వరండా ఇవ్వండి, గోడ కాలదు. తుఫాను గాలికి లేవకుండా చూరు పెంకుల్ని తీగతో కట్టించండి. సైకిళ్ల స్టాండు గేటు పక్కనే. దూరం పెడితే పిల్లలు వాడరు.