రెపో నుంచి తీసుకున్న సింథ్ మోగట్లేదా? సమస్య - పరిష్కారం

మీరు గిట్‌హబ్‌లో పంచుకున్న సింథ్ (ఎలక్ట్రానిక్ సంగీత వాద్యం) డిజైన్ మీ బల్ల మీద మోగి, ఇంకొకరి దగ్గర మూగబోతే, తప్పు చాలాసార్లు సర్క్యూట్‌ది కాదు. మీ కంప్యూటర్‌లోనే ఉండిపోయి రెపోలోకి (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) ఎక్కనిది ఏదో ఉంటుంది. ముందు రెపోను కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి (పూర్తి నకలు దించుకుని), అక్కడి నుంచే ఫర్మ్‌వేర్ (సింథ్ చిప్‌లో నడిచే కోడ్) కంపైల్ చేసి చూడండి.

హెడర్ ఫైల్ దొరకలేదంటూ కంపైల్ ఆగిపోతోంది

లైబ్రరీ సబ్‌మాడ్యూల్‌గా (వేరే రెపోకు లింకుగా) ఉందేమో చూడండి. గిట్‌హబ్‌లో జిప్ డౌన్‌లోడ్ చేస్తే సబ్‌మాడ్యూల్ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. సింథ్ మాడ్యూళ్లు చేసిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ యూరోర్యాక్ కోడ్‌ను జిప్‌గా తీసుకున్నా అంతే, ఎస్‌టీఎంలిబ్ అనే లైబ్రరీ ఫోల్డర్‌లో ఏమీ ఉండదు. క్లోన్ చేశాక ‘గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్’ నడపాలి. ఈ లైను రీడ్‌మీలో పైనే రాయండి.

ఫోల్డర్ నిండుగానే ఉండి లినక్స్‌లో మాత్రమే ఆగుతుంటే, ఫైలు పేరులో క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా ఉన్నట్టు. విండోస్ దాన్ని పట్టించుకోదు, లినక్స్ ఊరుకోదు. పేరును ‘గిట్ ఎంవీ’తో మార్చండి; మామూలుగా మారిస్తే గిట్‌కు తెలియకపోవచ్చు.

బోర్డుకు రంధ్రాల్లేవు, లేదా పాత డిజైన్ వచ్చింది

బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో ‘ప్లాట్’ నొక్కితే గెర్బర్లు (బోర్డు పొరల బొమ్మలుండే తయారీ ఫైళ్లు) మాత్రమే వస్తాయి. రంధ్రాల చోట్లు చెప్పే డ్రిల్ ఫైలును విడిగా తయారు చేయాలి. రెండింటినీ కైక్యాడ్‌తో వచ్చే గెర్బ్‌వ్యూలో తెరిచి, ప్రతి ప్యాడ్ మధ్యలో రంధ్రం పడిందో లేదో చూశాకే జిప్ కట్టండి. బోర్డు మీద సిల్క్‌స్క్రీన్‌లో (అచ్చయ్యే అక్షరాల పొర) వెర్షన్ నంబరు వేసి, అదే నంబరుతో గిట్ ట్యాగ్ పెట్టి, జిప్‌ను ఆ రిలీజ్‌కే జతచేయండి.

సోల్డరింగ్ బాగానే ఉంది, అయినా సరిగా మోగట్లేదు

అసలు తంటా అంతా పార్టుల జాబితాలోనే. ‘ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్’ అని రాసి వదిలేస్తే ఒకరు 2ఎన్3904 తెస్తారు, ఇంకొకరు బీసీ547. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే మొదటిదానికి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోదానికి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 కోసం గీసిన చోట బీసీ547ను 180 డిగ్రీలు తిప్పి పెట్టాలి. ‘100కె పాట్’ (తిప్పే నాబ్ రెసిస్టర్) అన్నా చాలదు, బీ100కె (లీనియర్) లేదా ఏ100కె (లాగ్) అని రాయాలి.

వేడెక్కేకొద్దీ శ్రుతి జారుతుంటే, ఎక్స్‌పోనెన్షియల్ కన్వర్టర్‌లో (శ్రుతి వోల్టేజ్‌ను ఆసిలేటర్‌కు మార్చి ఇచ్చే భాగం) డిగ్రీకి సుమారు 3300 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మారే టెంప్‌కో రెసిస్టర్ ఉండాల్సిన చోట మామూలుది వేశారేమో చూడండి. ఆసిలేటర్ టైమింగ్ కెపాసిటర్‌గా కూడా ఎక్స్7ఆర్ (వేడికి విలువ మారే సిరామిక్ రకం) పనికిరాదు. సీ0జీ (నిలకడైన సిరామిక్ రకం) గానీ ఫిల్మ్ గానీ అని జాబితాలోనే తేల్చి చెప్పండి.

పుష్ కావట్లేదు

గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. శాంపిల్ (రికార్డు చేసిన ధ్వని) ఫైలును తర్వాతి కమిట్‌లో తీసేసినా గిట్ చరిత్రలో ఉండిపోతుంది, కాబట్టి ‘గిట్ ఫిల్టర్-రెపో’తో అక్కడి నుంచే తీయాలి. పెద్ద వేవ్ ఫైళ్లను ఎల్‌ఎఫ్‌ఎస్‌లో (గిట్ పెద్ద ఫైళ్లను విడిగా దాచే పద్ధతి) పెట్టండి. అవతలివాళ్లకు శాంపిల్ బదులు మూడు లైన్ల టెక్స్ట్ కనిపిస్తే ‘గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పుల్’ చేయమనండి.

ఇద్దరూ బోర్డు మార్చారు, ఇప్పుడు ఫైలే తెరుచుకోవట్లేదు

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు (ఇద్దరి మార్పులు ఢీకొన్న చోట గిట్ పెట్టేవి) ఫైలులో మిగిలాయి. పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ఫైలును చేత్తో అతికించాలని చూడకండి. ఒకరి ఫైలును మొత్తంగా ఉంచి, రెండోవారి మార్పును కైక్యాడ్‌లో మళ్లీ గీయండి.