వేరుశనగ విత్తే ముందు గొర్రు, గుంటక

రాయలసీమ ఎర్రనేలల్లో వర్షాధారంగా వేరుశనగ వేసే చిన్న రైతు మృగశిర కార్తెకు ముందే, అంటే జూన్ మొదటివారంలోగా, సాళ్లలో విత్తనం వేసే గొర్రును కొట్టంలోంచి బయటకు తీసి చూసుకోవాలి. నేలను చీల్చే ఇనుప కర్రులు అరిగి మొండిబారితే సాలు పైపైనే పడుతుంది. విత్తనం సుమారు 5 సెంటీమీటర్ల లోతున తడిమట్టిలో పడాలి కనుక వాటిని కమ్మరి చేత సాగదీయించుకోవడం మేలు. గింజలు పోసే గిన్నెలాంటి జడ్డిగానికి దిగువన ఉన్న వెదురు గొట్టాల్లో ఎండిన మన్ను, సాలెగూళ్లు పేరుకుంటే గింజలు అక్కడే ఆగి సాలులో ఖాళీలు మిగులుతాయి కాబట్టి, సన్నని పుల్లతో శుభ్రంచేసి, గుప్పెడు గింజలు పోసి జారుతున్నాయో లేదో పరీక్షించాలి. తొలి జల్లుకే తొందరపడి విత్తకూడదు.

నేలను పైపైన కోస్తూ కలుపు తీసే గుంటకతో పెద్ద పనేమీ లేదు, దాని ఇనుప బద్దకు, అంటే పాసకు, పదును ఉంటే చాలు. విత్తిన 45 రోజులు దాటాక మాత్రం కాయలు కట్టే ఊడలు నేలలోకి దిగుతాయి గనుక సాళ్ల మధ్య గుంటక తోలే అంతరకృషి మానేసి, మిగిలిన కలుపును చేత్తోనే పీకించాలి.